తూకానికెక్కని తొలికాపు

మా అత్తగారు తూకంలో మోసం చేసి హాస్టలువాళ్ళకి దొరికిపోయిందన్న మాట పచ్చి అబద్ధం. ఈ మాట మొన్న నెల్లిమర్లలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను. అన్నవాడు పరాయివాడు కాదు, మా ఆడపడుచు మొగుడు, నాకు వరసకి అన్నయ్య. పులుసులోంచి ఆనపకాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి విస్తరి అంచున పేరుస్తూ, పక్కన కూర్చున్నాయనకి తీరిగ్గా చెబుతున్నాడు: "మా అత్త ఆడపిల్లల హాస్టలుకి కూరగాయలేసీది. తూకంలో తేడా వొచ్చింది. కొనడం ఆపీసారు." అంతే. ఒక మనిషి చేసిన ఇన్నేళ్ళ పనిని మూడు ముక్కల్లో తేల్చేసి పెరుగన్నంలోకి వెళ్ళిపోయాడు. నేను వడ్డించేవాణ్ణి ఆపి, "అన్నయ్యా, తేడా వచ్చిన మాట నిజమే. ఎటువైపు వచ్చిందో కూడా చెప్పు ఆయనకి" అన్నాను. "పెళ్లిలో ఎందుకులే అమ్మా" అన్నాడు. అబద్ధానికి పెళ్ళి అడ్డం రాలేదు గానీ నిజానికి అడ్డం వచ్చింది. సరే, అక్కడ మిగిలిపోయింది ఇక్కడ చెబుతాను.

ఈ అబద్ధానికి ఇంకో రూపం కూడా ఉంది. అది మా ఆయన చెప్పేది. ఆ రోజు ఆఫీసులో నేను నోరు పారేసుకోకపోతే వ్యవహారం సర్దుకునేదట. నా నోటికి అంత శక్తి ఉంటే నేను అద్దె ఇళ్ళలో ఎందుకుంటాను, ఏ ఢిల్లీలోనో ఉండేదాన్ని. ఆయన మాటా తప్పే. ఎందుకు తప్పో మీరే చూస్తారు.

మా అత్తవారి ఊరు నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్ళే దారిలో లోపలికి ఉంటుంది. పల్లం భూమి పూర్వమే పోయింది. మిగిలింది ఊరి చివర గరువు, అంటే మెట్ట నేల, అందులో ఒక నుయ్యి. చంపావతి ఏటి ఇసుక కలిసిన నేల కావడంతో అందులో పాదులు బాగా వచ్చేవి. ఆనప, దొండ, బీర, బరబాటి చిక్కుళ్ళు, గట్టు వెంట గోంగూర. మామగారు పోయాక మా మరిది ఆ నేలని కౌలుకి ఇచ్చేద్దామంటే మా అత్తగారు వినలేదు. పైట బిగించి తనే దిగింది. ఆవిడ పొట్టి మనిషి. మామూలు పందిరికి వేలాడే కాయ చేతికి అందేది కాదు కనుక పందిళ్ళన్నీ ఆవిడ ఎత్తుకే వేయించుకుంది. మిగతావాళ్ళం ఎవరం వెళ్ళినా వంగి నడవాల్సిందే. నా మొగుడు ఆ తోటలో తల కొట్టుకోని ఆదివారం లేదు. "నా తోటలోకి వొచ్చినోడు దండమెట్టే రావాల" అనేది ఆవిడ.

మా ఊరి పక్కనే ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలు ఉంది. కొండ మీది ఊళ్ళ నుంచీ, సముద్రం ఒడ్డు పల్లెల నుంచీ వచ్చి చదువుకునే పిల్లలు. వాళ్ళకి కూరగాయలు ఎక్కడో పట్నం మార్కెట్లో కొని, లారీలో మూటలు కట్టి తెచ్చేవారు. అవి దిగేసరికి వంకాయ ముడతలు పడి ముసలిదయ్యేది, తోటకూర కుళ్ళు వాసన కొట్టేది. హాస్టలు గోడకి ఇవతల తాజా కాయ పందిరికి వేలాడుతుంటే గోడకి అవతల పిల్లలు వడిలిన కాయ తినేవారు. రెండు వేల పది దాటాక, ఏ పుణ్యాత్ముడో పై అధికారి, దగ్గరి ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాల నుంచే కూరగాయలు కొనుక్కోవచ్చని చెప్పాడు. మా ఊళ్ళో నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. అందరికన్నా ముందు మా అత్తగారు.

అప్పట్లో నేను నెల్లిమర్లలో ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఆదివారాలు ఊరికి వెళ్ళేదాన్ని. హాస్టలు మొదలయ్యాక మా అత్తగారి పంచాంగం మారిపోయింది. ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలో కార్తెలు చూసి కాక, బడి సెలవులు చూసి లెక్క కట్టేది. వేసవి సెలవుల్లో కాపు విరగబడితే తినేవాళ్ళుండరని, బడి తెరిచేనాటికి పిందె పడేలా వెనక్కి లెక్కేసుకుని గింజ నాటేది. పరీక్షల ముందు ఆనపకాయ ఉండాలట, తల చల్లగా ఉంటుందట. దానికి శాస్త్రం ఏముంది అత్తా అంటే, "సాస్త్రం నీ కాడుంది గదే, నా కాడ ఆనపకాయుంది" అనేది. మా ఇంట్లో పిల్లల పుట్టినరోజులు ఆవిడకి గుర్తుండేవి కావు, హాస్టలు పిల్లలకి ఏ రోజు ఏ కూరో మాత్రం నోటికి వచ్చు. నేను అసూయపడ్డాను అంటే మీరు నవ్వుతారు. నవ్వండి.

హాస్టలు వార్డెన్ శ్రీకాకుళం వైపు మనిషి, బాప్టిస్టు కుటుంబం. సన్నగా, తెల్లచీరలో, వరండాలో బియ్యం ఏరేవాళ్ళ మధ్య కూర్చుని కీర్తనలు పాడుకుంటూ ఉండేది. మా అత్తగారు ఆవిణ్ణి "వార్డెనమ్మా" అనేది, ఆవిడ ఈవిణ్ణి ఉత్త "అమ్మా" అనేది. ఇద్దరికీ రోజూ పొద్దున్నే చిన్న తగువు ఉండాలి, లేకపోతే ఇద్దరికీ తోచదు.

"అమ్మా, ఈ వారానికి వంకాయలు చాలమ్మా. పిల్లలు ముఖాలు మాడ్చుకుంటన్నారు."

"మాడ్సుకోనీ. వంకాయ తిననోల్లకి పెల్లిల్లవ్వవని సెప్పండి."

"అలా చెప్తే అసలే ముట్టరు. చదువుకునే పిల్లలు."

"అయితే పరీచ్చ తప్పుతారని సెప్పండి. వార్డెను మీరా, నానా?"

ఇప్పుడు అసలు సంగతి. మా అత్తగారి వైపు ఒక ఆచారం ఉంది. కొత్త పాదుకి మొదట కాసిన కాయల్ని తూకం వెయ్యరు. అమ్మరు, ఇంట్లో వండుకోరు. కోసి, గంపలో కాకుండా పైటలో వేసుకుని, పిల్లలున్న ఇళ్ళకి పంచుతారు. పిల్లలు తిన్నాకే ఆ పాదు కాయ కాటా మీదికి వస్తుంది. ముందే తూకం వేస్తే పాదు నిలవదని నమ్మకం. పూర్వం వీధిలో పంచేవారు. హాస్టలు వచ్చాక మా అత్తగారు, పిల్లలెక్కడ ఎక్కువుంటే అక్కడికే ఇవ్వాలి కదా అని, తొలికాపు మొత్తం హాస్టలుకి పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆ మొదటిసారి నేనూ వెంట ఉన్నాను. కాటా పక్కన వంటాయన నిలబడి ఉన్నాడు. పైటలో ఆనపకాయలతో ఈవిడ నిలబడింది, చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు.

"కాటా మీదెట్టు పెద్దమ్మా" అన్నాడు వంటాయన.

"ఇది కాటా ఎక్కదు. ఒండీ, పిల్లలకెట్టీ."

"కాటా ఎక్కందే నాను పొయ్యెక్కించను. నా ఉజ్జోగం పోతాది."

"నీ ఉజ్జోగం నా ఆనపకాయ మీదుందేటి?"

ఈ గోలకి వార్డెనమ్మ బయటికి వచ్చింది. మా అత్తగారు సంగతి చెప్పింది. ఆవిడ కాసేపు కాయల వంక చూసి, "మా సంఘంలో కోత పండగకి మొదటి పంట ఇలాగే గుడికి తెస్తామమ్మా. అక్కడ కాటా ఎవరు పెడతారు" అంది. వంటాయన వైపు తిరిగి, "లోపలికి తీసుకెళ్ళు బాబూ" అంది. వాళ్ళిద్దరి దేవుళ్ళు వేరు, పండగలు వేరు. తొలికాపు దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే ఊరివాళ్ళయిపోయారు. ఆ రోజు ఆ కూర పాలు పోసి వండించిందట వార్డెనమ్మ. మధ్యాహ్నం గోడ అవతలి నుంచి పిల్లలు కంచాలు చరుస్తున్న చప్పుడు వినిపిస్తే మా అత్తగారు పందిరి కింద ఆగిపోయి, "తింతన్నారు" అంది. అంతే అంది.

ఇంటికి వచ్చాక నేను ఊరుకోలేదు. "తూకం వేసినట్టు పాదుకెలా తెలుస్తుంది అత్తా?" అన్నాను.

"పాదుకేటి తెలస్తాది. నాకు తెలస్తాది గదే."

మిగతా ఇళ్ళవాళ్ళు కూడా మా అత్తగారిని చూసి తమ తమ తొలికాపులు హాస్టలుకే ఇవ్వడం మొదలుపెట్టారు. వార్డెనమ్మ వాటిని మామూలు కూరగాయలతో పాటే గదిలో పెట్టించేది, కొన్న లెక్కలో రాసేది కాదు. కొనలేదు కదా, ఏమని రాస్తుంది?

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. చెట్లు అడ్డం పడి రోడ్లన్నీ మూసుకుపోయాయి. కరెంటు లేదు, పట్నం నుంచి ఏ బండీ రాలేదు. పందిళ్ళు నేలమట్టం అయ్యాయి. మా అత్తగారు కూలిన పందిరి కింద దూరి, పగిలినవి పగిలినట్టు, నిలిచినవి నిలిచినట్టు కాయలన్నీ ఏరింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే ఏరారు. పడిపోయిన తాటిచెట్ల మీదుగా గంపలు చేతులు మార్చుకుంటూ హాస్టలుకి చేర్చారు. దోవలో మా మరిది, "మన పందిల్లు ఎవులు నిలబెడతారే, ముందవి సూసుకోండి" అని అరిస్తే, "పందిరికి ఆకలెయ్యదురా" అంది. రోడ్లు తెరిచేదాకా ఆ పిల్లలు తిన్నది మా గరువే. అప్పుడు కాటా తీసినవాడు లేడు, రాసుకున్నవాడు లేడు, తప్పన్నవాడు అసలే లేడు. మా అన్నయ్యకి ఈ కథ తెలియదా? తెలుసు. పెళ్ళి భోజనంలో గుర్తు రాలేదు.

మరుసటి ఏడు తనిఖీకి ఒకాయన వచ్చాడు. కొత్తగా వచ్చిన అధికారి, చక్కగా మాట్లాడే మనిషి. సరిగ్గా ఆ రోజే రెండు మూడు ఇళ్ళ తొలికాపులు ఒకేసారి దిగాయి. ఆయన కూరగాయల గది తెరిపించి, ఉన్నవన్నీ తూకం వేయించాడు. రాసినదానికన్నా సరుకు ఎక్కువ ఉంది. తక్కువ కాదు, వినండి, ఎక్కువ. ఎక్కడిదని అడిగాడు. వార్డెనమ్మ అబద్ధం ఆడదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కడే చెడింది. అమ్మేవాళ్ళు ఊరికే ఎందుకిస్తారు, ఊరికే ఇచ్చారంటే మిగతా రోజుల తూకాల్లో ఏదో సర్దుబాటు ఉండాలి, లేదా పిల్లలకి పెట్టకుండా వెనకేసిన సరుకన్నా అయి ఉండాలి. ఇదీ ఆయన అనుమానం. వార్డెనమ్మకి మెమో ఇచ్చాడు.

ఈ వార్త విన్న రోజు మా అత్తగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "నా పైటలో కాయలికి ఆయమ్మకి సెడ్డపేరొచ్చింది. పదే, ఆపీసుకి ఎల్దాం" అంది. విజయనగరం ఆఫీసుకి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెప్పించాడు.

"చూడండమ్మా, మీరు మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉండవచ్చు. కానీ స్టాకు లెక్కకి సరిపోవాలి. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే."

మా ఆయన అనే నోరు పారేసుకోవడం ఇదీ: "తక్కువైతే ఎవరో ఎత్తుకుపోయినట్టు, ఒప్పుకుంటాను. ఎక్కువైతే ఎవరు ఎత్తుకుపోయినట్టండీ?" అన్నాను. ఇందులో తిట్టు ఏముంది? ప్రశ్న. ఆయన ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఫోను మోగింది. ఫోను పెట్టేశాక నా వైపు కాక మా అత్తగారి వైపు తిరిగాడు. ఆవిడ లేచి నిలబడి ఉంది.

"తూకమెయ్యాల, అంతేగదా బావూ" అంది. "ఇకనుంచి తొలికాపు గూడా తూకమేసిస్తాను. మా ఊరోల్లందరికీ నాను సెప్తాను. ఆయమ్మ మీద రాసింది కొట్టీండి."

ఆయన చూస్తానన్నాడు. నేను ఆవిడ చెయ్యి లాగాను. రాలేదు. "కొట్టీండి బావూ" అని ఇంకోసారి అని, అప్పుడు కదిలింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నెల్లిమర్ల వచ్చేదాకా ఖాళీ పైటకొంగు మడతలు పెడుతూ ఉండిపోయింది. నాతో తగువాడని మా అత్తగారిని నేను చూడటం అదే మొదలు.

ఆ అధికారి దొంగ అయి ఉంటే నాకు సుఖంగా ఉండేది. కాదు. హాస్టళ్ళలో పిల్లల నోటి దగ్గరి తిండి మాయమవడం నేనూ ఎరుగుదును, దాన్ని పట్టుకోవడానికే ఆయన తిరిగాడు. చేప కోసం వేసిన వలలో పెట్టే చెయ్యి చిక్కుకుంది. ఆయన వల పని చేస్తోందనుకున్నాడు.

కొన్నాళ్ళకి కొత్త ఆనప పాదు కాపుకి వచ్చింది. ఆ పొద్దున్న నేనూ ఉన్నాను. కోసిన కాయల్ని పైటలోనే వేసుకుంది. హాస్టలు వరండాలో కాటా సిద్ధంగా ఉంది. వార్డెనమ్మ గుమ్మంలో నిలబడింది, కీర్తన లేదు. వంటాయన ఒకప్పుడు కాటా ఎక్కాల్సిందేనని దెబ్బలాడినవాడే, "వొద్దులే పెద్దమ్మా, ఎవులు సూడొచ్చేరు, లోపలెట్టీస్తాను" అన్నాడు. మా అత్తగారు వినలేదు. మాట ఇచ్చింది కదా. కాయల్ని ఒక్కొక్కటే తీసి కాటా మీద పెట్టింది. ఎర్ర అంకెలు వెలిగాయి. ఆవిడ అంకెల వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. గోడ మీద పిల్లలు వేసిన అమ్మవారి బొమ్మో, బాలయేసు బొమ్మో ఏదో ఉంది, రంగులు కలిసిపోయి ఎవరో తెలిసేది కాదు. "అయిపోనాదా?" అంది. అయిందన్నాడు. వార్డెనమ్మ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు పాలు పోశారో లేదో నాకు తెలియదు.

ఇంత చేసినా జరగాల్సింది జరిగింది. ఇకపై హాస్టళ్ళన్నిటికీ కూరగాయలు కాంట్రాక్టరు ఒక్కరే సరఫరా చేస్తారని, ఊళ్ళలో కొనడం ఆపెయ్యాలని ఆ చలికాలంలోనే ఉత్తర్వు వచ్చింది. మెమో కొట్టేశారో లేదో గానీ వార్డెనమ్మని కొండ వైపు ఎక్కడికో బదిలీ చేశారు. వెళ్ళే ముందు గరువుకి వచ్చి, పందిరి కింద వంగి నడిచి, మా అత్తగారి దగ్గర ఆనపగింజలు కొన్ని కొంగున కట్టించుకుని వెళ్ళింది.

ఆవిడ వెళ్ళిన నెలలోనే మా పాదులకి తెగులు తగిలింది. ఆకు పసుపు మచ్చలు పడి ముడుచుకుపోయింది, పిందె వంకర్లు తిరిగి రాలిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ అదే తెగులు. నేను ఆకు తుంచి చూపించాను. "ఇది తెల్లదోమ వల్ల వచ్చింది అత్తా. అందరి తోటలూ ఇలాగే ఉన్నాయి. తూకం వెయ్యనివాళ్ళవీ పోయాయి" అన్నాను. నా చదువంతా ఆ ఆకు మీద పెట్టి చెప్పాను. ఆవిడ ఆకు తీసుకుని, మడిచి, నేల మీద పెట్టింది.

"తూకమేసాం గదే" అంది.

వాదిస్తుందని చూశాను. నా శాస్త్రాన్ని వెక్కిరిస్తుందని చూశాను. వెక్కిరించలేదు. ఆ తర్వాతి ఏడు, ఎప్పటినుంచో అడుగుతున్న మా మరిదికి సరేనంది. గరువు నిండా సరుగుడు వేశారు. పందిళ్ళు పీకేసిన రోజు మా ఆయన తోటలో తల ఎత్తుకునే నడిచాడు. ఎప్పటి అలవాటు చొప్పున ఒకచోట వంగి, మళ్ళీ లేచాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం లేదు. జబ్బని చెప్పడానికి ఏమీ లేదు, ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోయేది. చివరి వానాకాలంలో ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఉండగా హాస్టలు గంట వినిపించింది. ఆవిడ తల తిప్పింది.

"ఇపుడా ఆస్టలు గుంటలు ఏటి తింతన్నారే?"

"బంగాళదుంపలు ఎక్కువట" అన్నాను. నాకు తెలిసిందదే. లారీలో చెడిపోనివి.

"రోజూనా?" అంది. తల ఇటు తిప్పి, "పాపం" అంది.

ఇప్పుడు మేము అరసవల్లి వైపు ఉంటున్నాం. కిందటేడు ఊరికి వెళ్ళినప్పుడు చూస్తే సరుగుడు నరికేశారు, మొద్దులు మిగిలాయి. నుయ్యి పూడిపోయింది. ఆ నేల మీద పందిరి ఏ ఎత్తున ఉండేదో చేత్తో చూపించబోయి, ఎవరికి చూపించాలో తెలియక చెయ్యి దించేశాను. అప్పుడు కంచాలు చరిచిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో తమ పిల్లలకి వండిపెడుతూ ఉంటారు. ఆ అధికారి ఇంకా పెద్ద కుర్చీకి వెళ్ళి ఉంటాడు. మా అన్నయ్య ఇంకో పెళ్ళికి వెళ్ళి ఇంకో విస్తరి ముందు అదే కథ చెబుతూ ఉంటాడు. కాలం ఎవరి మాటనీ సరిచెయ్యదు. ఎవరు ఎక్కువసార్లు చెబితే వాళ్ళ మాటని నిజం చేసి పోతుంది. అందుకే ఆ రోజు ఫోను మోగి ఆగిపోయిన ప్రశ్నని నేనూ మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటాను: తక్కువైతే ఎవరో ఎత్తుకుపోయినట్టు సరే, ఎక్కువైతే ఎవరు ఎత్తుకుపోయినట్టు?